పచ్చదారం నోటుబుక్కు

మొన్న సూరత్‌లో ఇంగ్లిష్ టీచర్లందరికీ ఒకరోజు శిక్షణ పెట్టారు. ఒక కొత్త హోటల్లో, వణుకు పుట్టించే ఏసీ హాల్లో. పొద్దున్నే శనగపిండి ఖమణ్, వేయించిన పచ్చిమిరపకాయలు, టీ ఇచ్చారు. నా పక్కన కూర్చున్న గుజరాతీ టీచరమ్మ ఇంటి నుంచి శాలువా తెచ్చుకుంది, ఇలాంటివి చాలా చూసిన మనిషి. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడికి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మెడలో కార్డు, చేతిలో బటన్ నొక్కితే తెర మీద పేజీ మార్చే పరికరం. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న భాషను తోసెయ్యకండి అని తెర మీద పడింది. వాళ్ల ఇళ్లల్లో ఇప్పటికే తిరుగుతున్న ఇంగ్లిష్ మాటల్ని వెతకండి, సొంత భాషలో పోలిక ఉన్న మాటను పట్టుకుని కొత్త మాట నేర్పండి, అవసరమైతే తర్జుమా చేసి చెప్పండి అని దాని కింద ఉంది. ఇది చాలా కొత్త ఆలోచన అన్నాడు ఆ కుర్రాడు. హాల్లో అందరూ తలలూపి రాసుకున్నారు.

నేను పెన్ను మూత తియ్యలేదు. ఈ కొత్త ఆలోచనను నేను పదేళ్ల వయసులో ఇదే ఊళ్లో, గోడాదరాలో ఒక రేకుల వరండాలో కూర్చుని నేర్చుకున్నాను. దాన్ని మా గల్లీలో లేకుండా చేసిన వాళ్లలో నేనొకదాన్ని. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో మేముండేది ఒక చాల్‌లో. కింద వరుసగా పది గదులు, పైన పది గదులు, ముందు పొడుగ్గా వరండా. వెనక గోడ అవతల మరమగ్గాల కార్ఖానా. పగలూ రాత్రీ అదే చప్పుడు, అది ఆగితేనే ఉలిక్కిపడి లేచేవాళ్లం. చాల్ పక్కనే ఖాడీ, అంటే వాగు, పారేది. పారేది అనడం మర్యాదకు. నల్లటి బురద కదలకుండా ఉండేది, రంగుల మిల్లుల వాళ్లు వదిలిన రోజును బట్టి దాని మీద ఎర్రటి నురగో నీలి నురగో తేలేది. ఆ వాసనలో మిషన్ ఆయిల్ వాసన, ఎవరో ఎండుచేపలు వేయించుకునే వాసన, ఇరవై గదులకు ఉన్న రెండు పాయిఖానాల వాసన కలిసిపోయి ఉండేవి. తెలుగు ఊళ్ల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే మా అవ్వ నవ్వేది. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. "వారం రోజులుండు. తర్వాత గీ వాసన లేకుంటె నీకు బువ్వ గూడ తిన బుద్ధికాదు," అనేది. నిజమే, వారానికల్లా అందరూ అలవాటు పడేవాళ్లు. అలవాటు పడటంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. ఇప్పుడు తలచుకుంటే ఆ ఖాడీ కంటే ఆ అలవాటే నాకు ఎక్కువ అసహ్యం.

వరండా చివరి గదిలో పెద్దబాపు ఉండేవాడు. చుట్టమేం కాదు. మా వైపు ఊళ్ల మనిషి, మా కులం మనిషి, బాపు కంటే, అంటే మా నాన్న కంటే, పెద్దవాడు, అందుకని పెద్దబాపు. ఆయన పని అతకడం. మగ్గం మీద ఒక బీముకు, అంటే లావుపాటి గొట్టానికి, చుట్టిన పడుగు అయిపోగానే కొత్త బీము ఎక్కిస్తారు. పాత పడుగు కొసలు ఇంకా దువ్వెన పళ్లలాంటి అచ్చులో ఉండగానే, ఒక్కొక్క పాత పోగుకు ఒక్కొక్క కొత్త పోగు అతికి, అన్నీ అయ్యాక మెల్లగా లాగితే కొత్త పడుగు పాతదాని వెంట అచ్చులోంచి వచ్చేస్తుంది. బీముకు వేల పోగులు. ఆయన చిన్న పీట వేసుకుని మగ్గం వెనక కూర్చుని, డబ్బా మూతలో పెట్టుకున్న బూడిద వేళ్లకు అద్దుకుని, తల ఎత్తకుండా అతికేవాడు. వాళ్ల అవ్వ గుంత మగ్గం కాడ బూడిదతో అతికేదట, అందుకే ఈయనా బూడిద వదల్లేదు. ఇక్కడి జారుడు పోగులకు బూడిద అక్కర్లేదని మిగతావాళ్లు నవ్వేవాళ్లు. బొటనవేలూ చూపుడువేలూ కొసల దగ్గర గీతలు పడి, ఎప్పుడూ బూడిద రంగులో ఉండేవి. ఆ చేత్తోనే అన్నం కలిపేవాడని నేను ఆయన ఇంట్లో తినడానికి వెనకాడేదాన్ని. ఆయన బిడ్డ నా దోస్తు, నా ఈడుది. నేను వెనకాడటం చూసి అది కావాలని తన ముద్ద నా నోట్లో కుక్కేది.

పెద్దబాపు పదో తరగతి ఇంగ్లిష్‌లో మూడుసార్లు తప్పాడు. అది దాచుకునే మనిషి కాదు, కొత్తగా పరిచయమైన వాళ్లకు మొదటి మాటగా అదే చెప్పేవాడు. పాత సామాన్ల వాడి దగ్గర దొరికిన ఒక ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు ఆయన దగ్గర ఉండేది. దానికి అట్ట లేదు, మొదటి రెండు అక్షరాల పేజీలూ లేవు. ఆయన ఇంగ్లిష్ 'సి'తో మొదలయ్యేది.

ఆ ఎండాకాలం ఉధ్నా వైపు ఒక ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం స్కూలు వాళ్లు మా గల్లీలో కాగితాలు పంచారు. తెలుగు స్కూల్లో నాలుగు చదివిన పిల్లలు వంద ఇంగ్లిష్ మాటలకు అర్థాలు చెబితే ఐదులో నేరుగా చేర్చుకుంటారట. ఆ కాగితాన్ని బాపు తలుపు వెనక అంటించాడు. డ్యూటీకి పోయేముందు రోజూ దాన్ని చూపించి, "మగ్గం కాడ నిలబడి నిలబడి నా కాళ్ల నరాలు ఉబ్బినయి. నువ్వు కుర్సీల కూసోవాలె. తప్పినవంటె కాళ్లిరగ్గొడ్త," అనేవాడు. ఉత్త మాట కాదది. మా బాపు చెయ్యి బరువని చాల్‌లో అందరికీ తెలుసు. నా ఏడుపు వినబడితే పక్కగది వాళ్లు రేడియో గొంతు పెంచేవాళ్లు.

పెద్దబాపు మాత్రం ఆ కాగితం చదివి, "వంద మాటలేనా? గవి మీ నోట్లెనే ఉన్నయి," అన్నాడు. మర్నాటి నుంచి పొద్దున పూట వరండాలో ఏడెనిమిది మందిమి ఆయన ముందు కూర్చునేవాళ్లం. ఒక్కటే షరతు, గొంతెత్తకూడదు. ఒక్కో గదిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నలుగురైదుగురు పడుకుని ఉండేవాళ్లు. ఎవరైనా గట్టిగా నవ్వితే లోపల్నుంచి చెప్పు వచ్చి పడేది. అలా మేం ఇంగ్లిష్‌ను గుసగుసలాడుతూ నేర్చుకున్నాం. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినా వెనక బెంచీ వాళ్లకు నా ఇంగ్లిష్ ఇప్పటికీ వినబడదు.

మొదటిరోజు ఆయన పుస్తకం తెరవలేదు. "మీ బాపులు ఇంటికొచ్చినంక ఏమేం మాటలంటరో చెప్పుండ్రి," అన్నాడు.

"డ్యామేజీ పడ్డది అంటడు," అంది నా దోస్తు.

"గది ఇంగ్లీషే. ఇంకా?"

"షిఫ్టు. డబుల్. లూజు. టైటు. స్టార్టర్ కాలిపోయింది."

"మరి? మీ బాపులకు ఇంగ్లీషు రాదంటిరి గద."

ఆ రోజు నుంచి మాకు పిచ్చి పట్టింది. పాన్ డబ్బా దగ్గర, ఆటోల అడ్డా దగ్గర, కార్ఖానా గేటు దగ్గర నిలబడి చెవులప్పగించి మాటలు పోగుచేశాం. ఎవరెక్కువ తెస్తారని పందెం. రిటర్న్, లైను, నంబరు, ఫుల్లు, హాఫు, కట్, జాయింటు తెచ్చాం. ఒకరోజు నా దోస్తు ఆటోవాళ్ల దగ్గర విన్న ఒక బూతుమాటను గొప్పగా తెచ్చి అందరిముందూ గుసగుసగా చెప్పింది. పెద్దబాపు కాసేపు గోడకేసి చూశాడు. "గిది గూడ ఇంగ్లీషే. కని బీముకు ఎక్కియ్యరాదు," అన్నాడు. లోపల పడుకున్న వాళ్లలో ఎవరో దుప్పట్లోంచి పకపకా నవ్వారు.

ఇంట్లో తిరిగే మాటలు అయిపోయాక పోలికల్లోకి దిగాడు. "ఉధ్నా దర్వాజా ఎరికేనా?" అనేవాడు. సూరత్‌లో దాన్ని ఎరగనివాళ్లెవరు? "దర్వాజా, మన పుస్తకాలల్ల ద్వారం, ఇంగ్లీషుల డోర్. మూడిటినీ పక్కపక్కన పెట్టి చెవిపెట్టి ఇనుండ్రి. ఒక్క తల్లి పిల్లలే." నవాగామ్ అంటే కొత్త ఊరు, నవ అంటే కొత్త, ఇంగ్లిష్‌లో న్యూ. వినాయకుడి మూషికం అక్కడ మౌస్. దంతం డెంటిస్టు దగ్గరికి పోతుంది. నామం, గుజరాతీలో నామ్, ఇంగ్లిష్‌లో నేమ్. పోలిక లేని మాటలకు తెలుగు అర్థం ఒకటి, హిందీ అర్థం ఒకటి, గల్లీలో వాడే గుజరాతీ మాట ఒకటి రాయించి పక్కన ఇంగ్లిష్ రాయించేవాడు. "స్కూళ్లల్ల ఏం చేస్తరంటె, మీ నోట్లె ఉన్న పోగులు కోసి పారేసి, కొత్త పోగు ఒక్కొక్కటి సూదితోని దూరుస్తరు. ఎన్ని దినాలు పడ్తది? ఉన్న పోగుకు అతుకుండ్రి, మెల్లగ గుంజుండ్రి, అదే వస్తది," అనేవాడు.

గుంజి చూడటం ఆయన దగ్గర తప్పనిసరి. ఫుల్ అంటే ఇంగ్లిష్‌లో నిండుగా, హిందీ ఫూల్ పువ్వు, రెండూ ఒకటే తీరుగా ఉన్నాయి కదా అని నేను అతికి తెస్తే, నోటుబుక్కు తిరిగిచ్చి, "చూస్తె ఒక్కతీరు, గుంజితె తెగుతది. ఒకటి చెప్పేటిది ఇంకోటి చెప్తలేదు. ఇప్పెయ్యి," అన్నాడు. తను అతికినవి కూడా ఒక్కోసారి మర్నాడు విప్పేసేవాడు. రాత్రంతా ఆలోచించినట్టుండేది ఆయన మొహం. తప్పు చెప్పానని పిల్లల ముందు ఒప్పుకున్న పంతులును నేను మళ్లీ చూడలేదు. నేనూ అలాంటి పంతులమ్మను కాలేకపోయాను.

నోటుబుక్కులు ఆయనే కుట్టిచ్చాడు. బిల్లుపుస్తకాల వెనక తెల్లగా మిగిలిన కాగితాలు మడిచి, బీము అడుగున మిగిలే పోగులు పేనిన దారంతో మధ్యలో కుట్టాడు. రంగు మమ్మల్నే ఎంచుకోమన్నాడు. నా దోస్తు కనకాంబరం రంగు తీసుకుంది. నేను చిలకపచ్చ.

పరీక్షరోజు పెద్దమ్మ, అంటే పెద్దబాపు భార్య, పొద్దున్నే సర్వపిండి చేసి మా ఇద్దరికీ చెరో ముక్క పెట్టింది. నువ్వులూ కరివేపాకూ మాడిన ఆ వాసన ఇప్పటికీ నాకు పరీక్ష వాసన. స్కూలు మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి ఒక్కో మాట అడిగింది. లౌడ్లీ, లౌడ్లీ అని కసిరింది. గుసగుసలు తప్ప మాకు ఇంకో ఇంగ్లిష్ రాదు కదా. నా దోస్తు ఒక్కటి కూడా తప్పలేదు. నేను నాలుగు తప్పాను. ఇద్దరికీ సీట్లిచ్చారు. మిగతా పిల్లలకు వచ్చే ఏడు చూద్దామన్నారు. బాపు ఆ రోజు శనగపిండి లోచో తెచ్చాడు, నూనె కారుతూ వేడివేడిగా. నా నెత్తి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కొట్టడానికి కాకుండా అలా పడటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఇప్పుడు ఆ స్కూలు గురించి చెప్పాలి. చెప్పాలంటేనే నోట్లో నీళ్లు ఊరుతున్నాయి, వాంతికి ముందు ఊరే నీళ్లు. అక్కడ గేటు లోపల ఇంగ్లిష్ తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు, రాయకూడదు. మాట్లాడిన వాళ్లు నోరు కడుక్కోవాలి. నిజంగానే. మెట్ల కింద ఒక బకెట్లో ఉప్పునీళ్లు, దాని మీద ఒక సత్తుగ్లాసు. తప్పుచేసిన పిల్ల ఆ గ్లాసుతో నీళ్లు తీసుకుని, క్లాసంతా చూస్తుండగా మూడుసార్లు పుక్కిలించి మోరీలో ఉమ్మాలి. బోరు నీళ్లే రంగు వాసన వేసేవి, వాటిలో ఉప్పు. అందరి నోళ్లకూ అదొక్కటే గ్లాసు. మోరీలో అన్నం మెతుకులు, చాక్‌పీసు ముక్కలు, కఫం. పొద్దెక్కేసరికి బకెట్టు మీద సన్నటి తెట్టు కట్టేది. మూడుసార్లు దొరికితే స్కూల్లోంచి పేరు తీసేస్తారు. గల్లీ భాష మురికి భాష, మురికి కడుక్కుంటేనే పోతుందని మేడమ్ అనేది. మా అందరి తల్లిదండ్రులూ ఆ మాటకు గేటు దగ్గర నిలబడి తలూపి వెళ్లేవాళ్లు.

నన్ను క్లాసు మానిటర్‌ను చేశారు. చురుకైనదాన్నని కాదు, నోరు మెదపనని. గ్లాసు ముంచి ఇవ్వడం మానిటర్ పని. నేను ఇచ్చాను. నా వయసు పిల్లలు వాంతి చేసుకుంటుంటే పక్కకు జరిగి, నా తెల్ల సాక్సుల మీద పడకుండా చూసుకుని, మళ్లీ గ్లాసు ముంచి ఇచ్చాను. అందులో నాకు గర్వం ఉండేది. చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నట్టు భయం కాదు. గర్వమే.

నా దోస్తు నోరు ఊరుకునేది కాదు. నెల తిరక్కుండానే రెండుసార్లు దొరికింది. రెండుసార్లూ గ్లాసు నేనే ఇచ్చాను. మొదటిసారి అది పుక్కిలిస్తూ నాకేసి చూసి బుగ్గలు పొంగించి నవ్వించబోయింది. రెండోసారి చూడలేదు.

మూడోది ఒక వానరోజు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. మేడమ్ అర్థాలు అడుగుతోంది. నాకు ఒక మాట గుర్తురాలేదు. పచ్చదారం నోటుబుక్కు నా సంచిలోనే ఉండేది, బడికి తేకూడదని తెలిసీ రోజూ తెచ్చుకునేదాన్ని. అది లేకుండా నాకు ఏదీ వచ్చేది కాదు. బెంచీ కింద తీసి చూస్తుంటే చేతిలోంచి జారి మా ఇద్దరి కాళ్ల మధ్య పడింది. మేడమ్ వచ్చి దాన్ని రెండువేళ్లతో ఎత్తి తెరిచింది. తెలుగు, హిందీ, గుజరాతీ, వాటి పక్కన ఇంగ్లిష్.

"యే కచరా కిస్‌కా హై?" అంది. ఈ చెత్త ఎవరిదని.

నేను నా దోస్తును చూపించాను. ఆలోచించానని గానీ వెనకాడానని గానీ చెప్పలేను. అడగ్గానే నా వేలు లేచింది.

అది నన్ను చూసింది. తర్వాత నోటుబుక్కు కుట్టు వైపు చూసింది. తర్వాత లేచి నిలబడింది. మెట్ల కింద గ్లాసు ముంచి ఇచ్చింది నేనే. వానకు మోరీ నిండి, ఉమ్మిన నీళ్లు తిరిగి మా కాళ్ల మీదికే వచ్చాయి.

మర్నాడు పెద్దబాపును పిలిపించారు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. దువ్వినా చెవుల వెనక కార్ఖానా నూగు అలాగే ఉంది. మానిటర్‌ను కాబట్టి నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. మేడమ్ నోటుబుక్కు కొస పట్టుకుని ఆయన ముందు ఊపింది. ఇది మీ అమ్మాయిదేనా అని హిందీలో అడిగింది. ఆయన చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు పచ్చదారం మీద పెట్టి, కుట్టు పొడుగునా ఒకసారి నిమిరాడు. ఆ రంగు ఎవరు ఎంచుకున్నారో ఆయనకు తెలుసు.

"హా మేడమ్. మేరీ బేటీ కా హై," అన్నాడు. నా బిడ్డదే అని. నావైపు చూడలేదు.

ఆ సాయంత్రం మా గదికొచ్చాడు. బాపు డ్యూటీలో ఉన్నాడు, అవ్వ జొన్నరొట్టెలు కొడుతోంది. లోపలికి రాకుండా గడప మీదే కూర్చుని, చొక్కా లోపల్నుంచి నోటుబుక్కు తీసి నా ముందు పెట్టాడు.

"దీని నోటుబుక్కు నీ కాడికెట్లొచ్చింది బావా?" అని అడిగింది అవ్వ.

"మా పోరి తెచ్చుకున్నది, చూసి రాసుకుంటనని," అన్నాడు. తర్వాత నాతో, "మంచిగ అతికినవ్ బిడ్డా. ఒక్కటి గూడ లూజు లేదు. జర పైలంగ దాసుకో," అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది, దెబ్బలు నాకు అలవాటే. లేచి వెళ్లిపోయాడు. అవ్వ పెనం మీద రొట్టె తిప్పుతూ మంచి మనిషి అంది. ఆ పూట నేను మూడు రొట్టెలు, పచ్చిపులుసు కడుపునిండా తిన్నాను. తిండి సహించలేదని రాస్తే చదివేవాళ్లకు నామీద జాలి కలుగుతుంది. కానీ తిన్నాను, ఇంకో రొట్టె అడిగి కూడా తిన్నాను.

స్కూల్లోంచి నా దోస్తు పేరు తీసేసింది ఆ నోటుబుక్కు వల్లేనని గల్లీలో తెలిసిపోయింది. వచ్చే ఏడు కోసం వరండాలో కూర్చుంటున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ తల్లులు మాన్పించారు. పెద్దబాపు కొన్నాళ్లు పొద్దున్నే నిఘంటువు పట్టుకుని వరండాలో ఒక్కడే కూర్చునేవాడు. తర్వాత అదీ మానేశాడు. నా దోస్తు ఇంట్లో కూర్చుని చీరలకు దారాలు కత్తిరించే పనిలో పడింది. చలికాలానికల్లా వాళ్లు నవాగామ్ వైపు గది మారారు. సామాను సర్దుకుంటూ పెద్దమ్మ అవ్వతో చెప్పిన మాట నేను నీళ్ల డ్రమ్ము వెనక నిలబడి విన్నాను. "ఆయన నిజం చెప్తనన్నడు చెల్లె. మా పోరే ఒద్దన్నది. దాన్ని దాని బాపు కొడ్తడు, నన్ను నువ్వు కొట్టవు గద అన్నది. పదేండ్ల పోరి గంత మాటంటె ఇగ ఆయనేమంటడు?"

అవ్వకు అప్పటికి అర్థమై ఉంటుంది. బాపుకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు. ఆ రోజు నుంచి నా జడ వేసేటప్పుడు మాత్రం ఆమె మాట్లాడటం మానేసింది.

నేను కుర్చీలో కూర్చున్నాను. బాపు కోరుకున్నట్టే. బీఏ, బీఎడ్, ఇంగ్లిష్ టీచరు. నా క్లాసులో బకెట్టు పెట్టలేదు గానీ, వేరే మాట వినబడితే పిల్లల్ని వరండాలో నిలబెట్టాను. ఒడియా పిల్లలు, మరాఠీ పిల్లలు, బిహారీ పిల్లలు, మా తెలుగు పిల్లలు. నాకు పట్టుబడకుండా పెదాలు కదపకుండా మాట్లాడుకోవడం వాళ్లు నేర్చుకున్నారు. ఇప్పుడు కార్ఖానాల్లో గంటలో బీము అతికేసే మిషన్లు వచ్చాయి. పీట వేసుకుని కూర్చునేవాళ్లు దాదాపు లేరు. పెద్దబాపు పోయిన సంగతి, పోయిన చాలా రోజులకు ఉధ్నా స్టేషన్లో ఎవరో చెబితే తెలిసింది. నా దోస్తు ఎక్కడుందని నేను వాళ్లను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్లే.

హాల్లో మధ్యాహ్నం భోజనాలకు ముందు ఆ కుర్రాడు మైకు పట్టుకుని, మీలో ఎవరైనా ఇలా నేర్పారా అని అడిగాడు. ఎవరూ లేవలేదు. నేను లేచాను. ఎందుకు లేచానో తెలియదు, పెద్దబాపు గురించి చెబుదామనే అనుకున్నాననుకుంటాను. పాత పోగుకు కొత్త పోగు అతికి లాగడం, గుంజి చూసి తెగేవి విప్పెయ్యడం, ఇంటి మాటలు పోగుచెయ్యడం, ఉధ్నా దర్వాజా, అన్నీ చెప్పాను. శాలువా టీచరమ్మ కళ్లు పెద్దవి చేసుకుని వింది. చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడు సంబరపడి, ఇది మీ సొంత పద్ధతా మేడమ్ అని మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

"యెస్," అన్నాను. నా గొంతు హాలంతా వినబడింది. వెనక వరసలకు కూడా.

భోజనాలకు అందరూ లేచారు. నేను బాత్రూముకు పోయాను. తెల్లటి రాయి, సువాసన సబ్బు, శుభ్రమైన నీళ్లు. చేతులు కడుక్కుందామని పోయినదాన్ని, దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మాను. మూడోసారి ఉమ్మాక గానీ నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. అద్దంలో అరవైకి దగ్గరపడుతున్న ఒక మానిటరు నిలబడి ఉంది. నోటిలో ఉప్పు రుచి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

తర్వాత బయటికొచ్చి పనీరు తిన్నాను. సర్టిఫికెట్ తీసుకున్నాను.

నా పద్ధతి గురించి రెండు పేజీలు ఇంగ్లిష్‌లో రాసి పంపమని ఆ కుర్రాడు నిన్న కబురు పెట్టాడు, అందరికీ పంచుతారట. పచ్చదారం నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాగితం పసుపెక్కింది, దారం రంగు మాత్రం పోలేదు. ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాలేదు. తెలుగులో మొదలుపెడితే ఇది వచ్చింది. ఇదే పంపుతున్నాను. చదవాలంటే వాళ్లు ఎవరో ఒక గోడాదరా తెలుగు పిల్లను పిలిచి కూర్చోబెట్టుకుని, ఒక్కో మాటకు అర్థం అడగాలి. అడగనివ్వండి. ఆ పిల్ల గొంతెత్తి చెబుతుంది, ఇది ఈమె పద్ధతి కాదట, చివరి గదిలో ఉండే పెద్దబాపుదట అని.